కోపగత్తె తల్లిపై మమకారం: నిజామాబాద్ ప్రాంత గ్రామదేవతల పాటలు – ఒక పరిశీలన

తల్లి ప్రేమను కీర్తించే పాటలు తెలుగు జానపద సాహిత్యంలో విస్తారంగా ఉన్నాయి. కోపగత్తె అయిన తల్లిని ప్రేమించే బిడ్డ గొంతు మాత్రం గ్రామదేవతల పాటల్లోనే స్పష్టంగా వినిపిస్తుంది. నీలకంఠేశ్వరుడు కొలువైన కంఠేశ్వర్ మొదలుకొని బోధన్ చెరకు పల్లెల వరకు పోచమ్మ, ఎల్లమ్మల ఆరాధన వ్యాపించి ఉంది. ఈ పాటలను భయం నుంచి పుట్టిన స్తుతులుగా మాత్రమే వర్గీకరించడం సమగ్రం కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

మశూచి సోకితే 'అమ్మవారు పోసింది' అనడం తెలుగు నుడికారం. రోగాన్ని పోసేదీ, దింపేదీ ఒక్క తల్లే. అందువల్ల పాటలో పిలుపు, నిష్ఠూరం, మొక్కు, శాంతించమనే వేడుకోలు ఒకదానినొకటి అనుసరిస్తాయి. రామదాసు కీర్తనల్లోనూ నిష్ఠూరం ఉంది. అయితే అక్కడ ప్రభువును నిలదీసేవాడు సేవకుడు. ఇక్కడ తల్లిని నిలదీసేది బిడ్డ. 'నువ్వు' అనే సంబోధనలోని చనువుకు మూలం ఈ బంధుత్వమే.

బైండ్లవారు జమిడిక వాయిస్తూ చెప్పే ఎల్లమ్మ కథ ఈ బంధానికి మరో పార్శ్వాన్ని చూపుతుంది. జమదగ్ని ఆజ్ఞతో పరశురాముడు కన్నతల్లి తల నరికాడు. వరం దొరకగానే ఆమె ప్రాణాన్నే తిరిగి కోరాడు. తల్లి ఆగ్రహం అకారణం కాదని, ఆమెకు అన్యాయం చేసినవాడు కన్నకొడుకేనని ఈ కథ గుర్తుచేస్తుంది. ఇక్కడ శాంతించమని వేడుకోవడంలో బిడ్డ అపరాధభావన కూడా ఇమిడి ఉంది.

భారతదేశంలో చివరి మశూచి కేసులు 1975లో నమోదయ్యాయి. 1980లో ప్రపంచమంతటా ఆ వ్యాధి నిర్మూలన ప్రకటితమైంది. అయినా నిజామాబాద్‌లో ఏటా ఆషాఢంలో ఊర పండుగ జరుగుతూనే ఉంది. కొయ్యతో చేసిన దేవతామూర్తులు ఊరేగుతాయి. 'సరి' కోసం జనం పోటీపడతారు. రోగభయమే ఈ ఆరాధనకు ఏకైక ఆధారమైతే, రోగంతోపాటు అదీ అంతరించి ఉండేది.

కాబట్టి సేకర్తలు ఈ పాటల్లోని స్తుతిభాగాన్ని మాత్రమే ఎత్తి రాసుకుంటే సగం పాటే దక్కుతుంది. ఎవరు, ఏ సందర్భంలో పాడారో, తల్లిని ఎక్కడ నిలదీశారో, ఎక్కడ బుజ్జగించారో కూడా నమోదు చేయాలి. తల్లితో తగవు పడుతూనే ఆమెను విడువని బిడ్డ మమకారం ఆ నిష్ఠూరంలోనే నిక్షిప్తమై ఉంది.