జిల్లేడు సీతాకోకచిలుక

వినాయక చవితికి పత్రి కోయునప్పుడు, రథసప్తమి స్నానమునకు ఆకులు తెచ్చునప్పుడు మనము జిల్లేడు చెంతకు పోయెదము. తక్కిన దినములలో దాని పాలు కంటబడునేమోయని తొలగి నడచెదము. పశువులును దానిని సాధారణముగా ముట్టవు. పొన్నూరు ప్రాంతమున కాలువగట్లమీద, పొలముల అంచులను అది నిశ్చింతగా పెరుగుట కిదియే కారణము. అట్టి మొక్కనే వెదకి, ఆకు అడుగున ఒక్కొక్క గ్రుడ్డు పెట్టిపోవు సీతాకోకచిలుక కలదు. ఆంగ్లేయులు దానికి ప్లెయిన్ టైగర్ అని పేరిడిరి.

గ్రుడ్డునుండి వెలువడిన పురుగు తెలుపు, నలుపు, పసుపు పట్టెలతో నుండును. దాని వీపున మూడు జతల నల్లని తంతువులు కొమ్ములవలె నిలిచియుండును. అది దాగుకొనదు; పట్టపగలు నిర్భయముగా ఆకును తినుచుండును. జిల్లేడు పాలయందు గుండెకు కీడు చేయు విషములు గలవు. పురుగునకు వానివలన బాధ లేదు సరిగదా, వానిలో కొంత తన దేహమున నిలువచేసికొనును. రెక్కలు వచ్చిన పిదపను ఆ విషము మిగిలియుండును. నారింజవన్నె రెక్కలు, వాని కొనలయందు నలుపుపై తెల్లని పట్టె: ఇదియే దాని గుర్తు. ఒకసారి దీనిని రుచిచూచిన పక్షి ఆ చేదును, ఆ రంగును కలిపి జ్ఞాపకముంచుకొనును. కనుకనే యిది తొందరలేక మెల్లగా ఎగురును.

ఈ వేషమును వేరొకటి ధరించినది. డానాయిడ్ ఎగ్‌ఫ్లై అను సీతాకోకచిలుక పురుగుగా నున్నప్పుడు మనము పప్పులో వేసికొను పావిలికూరను తినును. దానికి విషము లేదు. అందు మగది నల్లనిది, రెక్కలపై పెద్ద తెల్లని మచ్చలు గలది. ఆడది మాత్రము అచ్చముగా జిల్లేడు సీతాకోకచిలుకయే! ఈ రెండును ఒక జాతివని చెప్పినను చూచినవారు నమ్మరు. ఓపిక గలవారు వెనుకరెక్కను పరికింపవలెను. అసలుదానికి రెక్క నడుమ మూడు నాలుగు నల్లచుక్కలుండును. అనుకరించుదానికి పై అంచున ఒక్కటియే.

ఇట్టి అనుకరణకు కారణమును హెన్రీ వాల్టర్ బేట్స్ అను ఆంగ్లేయుడు అమెజాన్ అడవుల సీతాకోకచిలుకలను పరిశీలించి 1862లో వివరించెను. మన జిల్లేడు సీతాకోకచిలుక ఆఫ్రికాయందును కలదు. అచ్చటి అడవులలోని పాపిలియో డార్డనస్ అను జాతియందు మగవన్నియు లేతపసుపువన్నెతో, తోకలతో నుండును. ఆడవానిలో పెక్కు వేషములు కలవు. ఒక్కొక్కటి ఒక్కొక్క చేదు సీతాకోకచిలుకను పోలును. వానిలో నొకటి మన జిల్లేడుదానినే అనుకరించును. వీనిని వేరువేరు జాతులుగా భావించుచున్న కాలమున, ఇవన్నియు ఒకే జాతియని 1869లో రోలండ్ ట్రైమెన్ నిరూపించెను.

అయితే ఈ మోసమునకు ఒక హద్దు కలదు. విషము గలవి మెండుగా నున్నంతవరకే పక్షులు ఆ రంగునకు జంకును. అసలువి తగ్గి, నకిలీవి పెరిగినచో పక్షులకు ఆ రంగు రుచికరమైన ఆహారమునకే గుర్తగును. గట్లమీది జిల్లేళ్లను మొదలంట నరికినచో, పురుగుమందు వాని ఆకులపై పడినచో, ముందుగా నశించునది జిల్లేడు సీతాకోకచిలుక. పావిలికూర తిని పెరిగినదానికి తిండి తరుగకపోయినను, దానిని కాచిన భయము పక్షులకు క్రమముగా తొలగిపోవును.