ధారణయు మఱపును

మనశ్శాస్త్రమనగానే అది పిచ్చివారికి మాత్రమే సంబంధించిన దనియో, ఎదుటివాని మనసులోని మాట చెప్పు సోదెవంటి దనియో మనలో పెక్కుర తలంపు. అది రెండును కాదు. చూచుట, వినుట, గమనించుట, నేర్చుట, జ్ఞప్తియం దుంచుకొనుట, మఱచుట మున్నగు మన నిత్యవ్యాపారములు ఎట్లు జరుగుచున్నవో పరీక్షలు చేసి తెలిసికొను శాస్త్రమది. జర్మనీదేశమున లైప్‌జిగ్ నగరమందు వుంట్ పండితుడు 1879లో దీనికొక ప్రయోగశాలను నెలకొల్పెను. మన ప్రక్కనున్న మైసూరు విశ్వవిద్యాలయమున 1924లో ఈ శాఖను ప్రారంభించిన ఎం.వి. గోపాలస్వామిగారు 1935లో తమ యింటనే యొక చిన్న రేడియో కేంద్రమును నడపిరి. ఆ కేంద్రమునకే మొదట 'ఆకాశవాణి' యను పేరు కలిగినది. కావున మనశ్శాస్త్రమునకును రేడియోకును చుట్టరికము పాతదే.

ఆ శాస్త్రమున ప్రవేశించువారు మొట్టమొదట నెఱుగవలసిన మాటలలో అవధానము, ధారణ, మఱపు అను మూడింటిని మాత్రము నేడు తీసికొందును. వినువారిలో విద్యార్థులును వారి తల్లిదండ్రులును ఉందురు గదా. ఈ మూటిని సరిగా నెఱుగకపోవుటవలన నేనొక బాలునకు చేసిన యన్యాయమును గూడ నడుమ చెప్పవలసియున్నది.

మాది కడపజిల్లాలోని తొండూరు. పులివెందులకు ముద్దనూరుకు నడుమ నున్న మెట్టపొలముల యూరు. నాకు పండ్రెండేండ్లప్పుడు మా మేనమామ నన్ను ప్రొద్దుటూరునకు అష్టావధానము చూపుటకు తీసికొనిపోయెను. పెన్నయొడ్డునున్న ఆ పట్టణము బంగారు అంగళ్లకు ఎంత పేరుపడినదో అవధానములకును అంత పేరుపడినది. దుర్భాక రాజశేఖర శతావధానిగారును గడియారము వేంకటశేషశాస్త్రిగారును జంటకవులై అవధానములు చేసిన యూరది. తరువాతి తరమున సి.వి. సుబ్బన్న శతావధానిగారును ఆ యూరివారే.

నే నాదినమున చూచిన సభలో ఎనమండుగురు పృచ్ఛకులు అవధానిచుట్టు కూర్చుండిరి. ఒకరు సమస్య నిచ్చిరి. ఒకరు నాలుగు మాటలిచ్చి దత్తపది పూరింపుమనిరి. ఒకరు అక్షరమక్షరమునకు నిషేధము పెట్టుచుండిరి. ఒకరు వర్ణన యడిగిరి, ఒకరు ఆశువుగా పద్యము చెప్పుమనిరి. ఒకరు ఒక వాక్యములోని యక్షరములను వరుస తప్పించి చీటిమీద వ్రాసి నడుమనడుమ నొక్కొక్కటిగా నందించుచుండిరి. దీనిని వ్యస్తాక్షరి యందురు. ఒకరు తోచినపుడెల్ల గంట కొట్టుచుండిరి. ఎనిమిదవ యాయన పని అప్రస్తుతప్రసంగము, అనగా వంకాయకూర ధరనుండి వియ్యంకుని యలుకదాక ఏదో యొకటి యడిగి అవధాని యేకాగ్రతను చెఱుచుట. బాలుడనైన నాకు ఆయనమీదనే కోపము వచ్చినది. మా మేనమామ నా చెవిలో, "ఆయప్పకు ఎనిమిది మనసులుండాయిరా అబ్బీ" అనెను. చాలకాలము నేనును అట్లే నమ్మితిని.

ఆయన కున్నది ఒక్క మనస్సే. జాగ్రత్తగా చూచినచో అవధాని యేకకాలమున రెండు పనులు చేయుచుండలేదు. సమస్యకు ఒక పాదము చెప్పి దానిని విడిచి దత్తపదికి పోవును. దానికొక పాదము చెప్పి దానిని విడిచి వర్ణనకు పోవును. ఇట్లు నాలుగు చుట్లు తిరుగగా పద్యములు పూర్తియగును. విడుచుటలో విడుచుట, పట్టుకొనుటలో పట్టుకొనుట. ఆయన నేర్పంతయు అచ్చటనే యున్నది.

ఇంగ్లండువాడైన కాలిన్ చెర్రీ 1953లో ప్రకటించిన పరీక్ష యొకటి దీనిని చక్కగా తెలుపును. ఒక మనుష్యుని రెండు చెవులలో రెండు వేర్వేఱు ప్రసంగములను వినిపించి, కుడిచెవిలోని దానిని వెంటవెంట తిరిగి చెప్పుమనిరి. అతడు చెప్పగలిగెను. పిదప ఎడమచెవిలో నేమి వింటివని యడుగగా, ఎవరో మాటలాడిరనుటయే కాని ఏమి చెప్పిరో చెప్పలేకపోయెను. నడుమ ఆ చెవిలోని మాట ఇంగ్లీషునుండి జర్మనుభాషకు మారినను అతడు గుర్తింపలేదు. చెవిలో పడుట వేఱు, వినుట వేఱు. ఐనను మనస్సు తలుపును పూర్తిగా మూసికొనదు. 1959లో మోరే యనునాతడు ఆ రెండవ చెవిలో వినువాని పేరునే పలికించి చూడగా, ఇంచుమించు ముగ్గురిలో నొకరు దానిని గుర్తించిరి. ప్రొద్దుటూరు అంగడివీధిలో ఎంత సందడిగా నున్నను ఎవరో మనపేరు పిలిచినచో తల తిరుగుట మన కనుభవమే గదా.

ఒక పనినుండి మఱియొక పనికి మనస్సును త్రిప్పుటకు కొంత సుంకము చెల్లింపవలసియుండును. ప్రతి త్రిప్పుటయందును కొంతకాలము వ్యర్థమగునని 1927లోనే అమెరికాలో జెర్సిల్డ్ కొలిచి చూపెను. అవధాని యేండ్లతరబడి సాధనచేసి ఆ సుంకమును తగ్గించుకొనినవాడు. పుస్తకము ప్రక్కన సెల్‌ఫోను పెట్టుకొని చదువు మన పిల్లవానికి ఆ సాధన లేదు. వాడు పుటపుటకును సుంకము కట్టుచునే యుండును.

ఇక ధారణ. విన్నదానిని వెంటనే పట్టియుంచు స్థలము మనస్సులో మిక్కిలి యిఱుకైనది. అచ్చట ఏడు వస్తువులు, అటునిటు రెండు, పట్టునని 1956లో మిల్లర్ వ్రాసెను. నాలుగే యని తరువాతివారు తగ్గించిరి. ఐతే వస్తువనగా నేమి? ఈ యక్షరములను వినుడు: న, ల, ప, య, క, త్ర, న, మ. ఒక్కమారు విని తిరిగి చెప్పుట కష్టము. ఈ యెనిమిదింటినే వరుసమార్చి 'కమలపత్రనయన' యన్నచో చంటిబిడ్డ తల్లియు మఱువదు. అక్షరములు తగ్గలేదు, మనమిదివఱ కెఱిగిన మాటలుగా ముడిపడినవి, అంతే. వ్యస్తాక్షరిలో అవధాని చేయు పని యిదియే. వచ్చిన యక్షరమును దాని స్థానమున నిలిపి, చుట్టును మాట యల్లుకొనును.

పద్యమును గూడ నట్లే చూడవలెను. ఉత్పలమాలలో పాదమునకు ఇరువదియక్షరములు, పదవయక్షరమున యతి, నాలుగు పాదములందును రెండవయక్షరము ప్రాస. మొదటి పాదము చెప్పినంతనే మిగిలిన మూడు పాదములకును ప్రాసాక్షరము నిశ్చయమైపోయినది. గణములు నిశ్చయమే, యతిస్థానము నిశ్చయమే. ఛందస్సు కవికి సంకెల యని కొందఱందురు. ధారణ చేయువానికి అది గోడకు కొట్టిన మేకులవరుస. ఏ మేకునకు ఏమి తగిలించెనో వానికి తెలియును. అవధాని వచనములో మాటలాడుచు అష్టావధానము చేయవలసివచ్చినచో సభ నడిరేయిదాక సాగినను ధారణ కుదురునా యని నాకు సందేహము.

నే నుపాధ్యాయుడనైన తొలియేండ్లలో నా తరగతియందొక గొఱ్ఱెలకాపరి కుమారుడుండెను. పద్యము చెప్పుమన్నచో రెండవ పాదమున నిలిచిపోవును. గుణింతములోను తడబాటే. మూడునెలలు చూచి, విసిగి, వాని తండ్రితో, "వీనికి జ్ఞాపకశక్తి లేదు, చదువు రాదు" అంటిని. తండ్రి వాదింపలేదు. అయ్యవారు చెప్పినమీదట వాదమేమున్నది? మఱునాటినుండి పిల్లవాడు మందవెంట పోయెను.

ఆ యేడు వానలు కురిసిన పిమ్మట నొకసాయంకాలము నేను చేనిగట్టున పోవుచుండగా వాడు మందను దొడ్డికి తోలుచుండెను. తొంబదికి పైగా గొఱ్ఱెలున్నవి. లెక్కపెట్టకయే వాడొక్కమారు చూచి, "నల్లచెవుల దాని పిల్ల రాలేదు అయివారూ" అని వెనుకకు పరుగెత్తెను. తిరిగివచ్చినపుడు నేనొక్కొక్క గొఱ్ఱెను చూపి యడిగితిని. ఏది యే తల్లికి పుట్టినదో, ఎన్నవ యీతదో, ఏ సంతలో కొనినదో తడువుకొనక చెప్పెను. నాకు తొంబది గొఱ్ఱెలును ఒక్కతీరుగనే కనబడినవి. ఆ పొలములో జ్ఞాపకశక్తి లేనివాడను నేనే.

దీనిని సూటిగా నిరూపించిన పరీక్ష 1980లో అమెరికాలో ప్రకటింపబడినది. ఎరిక్సన్, చేజ్ అను పండితులు ఒక సాధారణ విద్యార్థికి అంకెలు చదివి వినిపించి తిరిగి చెప్పుమనుచు ఇంచుమించు 230 గంటల యభ్యాసము చేయించిరి. మొదట ఏడంకెలు చెప్పగలిగినవాడు కడపట డెబ్బదితొమ్మిది చెప్పెను. అతడు పరుగుపందెములవాడు, అంకెలను మూడేసి నాలుగేసిగా కూర్చి, ఇది మైలుపరుగు కాలము, ఇది మఱియొక దూరపు కాలము అని గుర్తుపెట్టుకొనెను. అప్పుడు అంకెలకు మాఱుగా అక్షరములనిచ్చి చూచిరి. మఱల ఆఱు మాత్రమే! కాబట్టి జ్ఞాపకశక్తి యనునది బావిలోని నీటివలె ఒకనికి నిండుగను మఱియొకనికి కొఱతగను ఉండు నొకే వస్తువు కాదు. ఎచ్చట మనకు తెలిసినది విస్తారముగా నున్నదో అచ్చట క్రొత్తది వచ్చి తగులుకొనును. పుట్టుకతో వచ్చు హెచ్చుతగ్గులు లేవని నేననను. కాని ఆ బాలుని విషయమున నేను కొలిచినది వాని శక్తిని గాదు. నేను చెప్పిన పద్యపు మాటలతో వానికి పరిచయమున్నదా లేదా యనుటనే. అర్థము చెప్పక అప్పజెప్పుమంటిని.

మఱపును కొలిచినవాడు జర్మనీవాడైన ఎబ్బింగ్‌హౌస్. ఆయన అర్థములేని యక్షరకూటములను కూర్చి, తానే కంఠస్థము చేసి, కొంతకాలమైనమీదట మఱల నేర్చునపుడు మొదటి శ్రమలో ఎంత మిగులునో లెక్కవేసి 1885లో ప్రకటించెను. గంట గడచునప్పటికే సగముకంటె ఎక్కువ పోయినది. ఒకదినమునకు మూడవవంతు మిగిలినది. కాని నెలకును అయిదవవంతు నిలిచియున్నది! మఱపు మొదట దుముకును, పిదప మెల్లగా నడచును. పూర్తిగ మఱచితిమనుకొన్నదికూడ రెండవమారు నేర్చునపుడు త్వరగా వచ్చుచున్నదనగా అది జాడలేక పోలేదన్నమాట. ఆయనయే మఱియొకటి కనుగొనెను. ఒకేదినమున అఱువదియెనిమిదిమార్లు వల్లించిన ఫలము, మూడుదినములకు పంచి ముప్పదియెనిమిదిమార్లు వల్లించినను కలిగెను. పరీక్షకు ముందురాత్రి తెల్లవార్లు దీపము పెట్టుకొని కూర్చుండు విద్యార్థి దీనిని వినవలెను.

వల్లించుటకంటె గూడ మేలైనది యొకటి కలదు. 1917లో గేట్స్ అను నాతడు బడిపిల్లలతో పరీక్షచేసి, ఉన్నకాలమంతయు చదువుటకంటె అందు సగమునకు పైగా పుస్తకము మూసి తిరిగి చెప్పుకొనుటలో వెచ్చించినవారికే పాఠము బాగుగా వచ్చినదని చూపెను. 2006లో రోడిగర్, కార్పికె యనువారు కళాశాల విద్యార్థులకొక పాఠమిచ్చి, కొందఱిచేత రెండవమారును చదివించిరి. కొందఱిచేత చూడక వ్రాయించిరి. అయిదునిముషములకు పరీక్షింపగా మఱల చదివినవారే మేలు: నూటికి 81, రెండవవారికి 75. వారమైనపిదప చదివినవారికి 42, చూడక వ్రాసినవారికి 56. మోసమంతయు ఆ మొదటి యయిదునిముషములలోనే యున్నది. మఱల చదువునపుడు పాఠము ముఖపరిచితమగును. ముఖపరిచయమును మనము ధారణ యనుకొందుము.

మన వీథిబడులలో సాయంకాలము అప్పజెప్పించుకొను నాచారముండెడిది. ఎక్కములు, తిథులు, నక్షత్రములు, పద్యములు. ఆ బెత్తమును, అర్థము చెప్పకపోవుటను నేను మెచ్చను. కాని అప్పజెప్పుట మాత్రము ఏ ప్రయోగశాలయు లేనికాలముననే మన పెద్దలు పట్టుకొనిన మంచిత్రోవ. అవధాని చేయునదియు అదియే. రెండవచుట్టు వచ్చినపుడు మొదటి పాదమును తానే లోపలినుండి తీసికొననిదే రెండవ పాదము కట్టజాలడు. ఇట్లు నాలుగుమార్లు తీసినది కడపటి ధారణలో తానై వచ్చును.

గడచిన వేసవికి ముందు ఆ గొఱ్ఱెలకాపరి నా యింటికి వచ్చెను. వాని మీసము నెరసినది. వెంట కూతురు, పదవతరగతి పరీక్ష దగ్గఱపడినది. "అయివారూ, పాప రేయంతా చదువుతాది. తెల్లారితే ఏమీ గుర్తు లేదంటాది. మా తలకాయలే అంతేమో గదా?" అనెను. ఆ మాట వానికెవరు నేర్పిరో వాడు మఱచియుండవచ్చును, నేను మఱువలేదు.

బాలికను కూర్చుండబెట్టి, సాంఘికశాస్త్రములో ఒకపుటను అర్థముచెప్పి చదివించి, పుస్తకము మూయించితిని. చెప్పుమంటిని. నాలుగు మాటలు చెప్పి నిలిచెను. తెఱచి చూడకుండ ఇంకను వెదకుమంటిని. కొంతసేపు నేలచూపు చూచి మఱి రెండు తీసెను. అప్పుడు తెఱచి తప్పినవానిని చూచుకొని మఱల మూసెను. ఇదే పాఠమును మఱునాడొకమారు, నాలుగవనా డొకమారు, పదియవనా డొకమారు ఇట్లే చూడక చెప్పుకొనుమంటిని. తండ్రి గడపలో కూర్చుండి, బిడ్డ నిలిచిపోయినచోటనెల్ల తానును పెదవులు కదల్చుచు వినుచుండెను. మూడవమారు ఆమె విడిచిన సంవత్సరమును వాడే యందించెను.