తుక్కును దిమ్మ చేసే యంత్రం – దాని దగ్గర పనిచేసే చేతులు

పాత ఇనుము బండి మన వీధిలోకి వచ్చినప్పుడు మూలనున్న తుప్పు బకెట్టు, విరిగిన మడత కుర్చీ, చిల్లులు పడిన జింకు రేకు తూకం వేయించి ఇచ్చేస్తాం. నాలుగు డబ్బులు చేతిలో పడగానే ఆ సంగతి మరచిపోతాం. ఆ రేకు తరువాత ఏమవుతుందో చాలామందికి తెలియదు. ఆరోగ్య పత్రికలో ఇనుము గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. తుక్కు కొట్లలో పనిచేసేవారు అరచెయ్యి కోసుకుని, వేలు నలగగొట్టుకుని వచ్చేది మా క్యాజువాలిటీకే కదా! యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిస్తే దెబ్బ ఎలా తగులుతుందో తెలుస్తుంది. అందుకే ఈ నెల బేలింగ్ మెషిన్ గురించి రాస్తున్నాము.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రుషికొండ నుండి గాజువాక దాకా ఎగిరిపడిన రేకులు, వంగిపోయిన హోర్డింగుల చట్రాలు విశాఖ వారందరికీ గుర్తే. అటువంటి పలుచని తుక్కుతో ఒక చిక్కుంది. బరువు తక్కువ, ఆక్రమించే చోటు ఎక్కువ. లారీ నిండుతుంది గాని టన్నులు ఎక్కవు. కొలిమిలో వేసినా అంతే, పెద్ద పెద్ద గంపలతో ఎన్నిసార్లు వేసినా కొలిమి నిండదు, పలుచని రేకులో కొంత భాగం కరిగేలోపే కాలి బూడిదవుతుంది. కాబట్టి ముందుగా దాన్ని గట్టిగా అదిమి దిమ్మ చేస్తారు. గుంటూరు జిల్లా పత్తి మిల్లుల్లో దూదిని బేళ్లుగా నొక్కడం చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. అయితే దూది బేలుకు కట్లు వేయకపోతే మళ్లీ ఉబ్బుతుంది. ఇనుప రేకు ఒకసారి మడతపడితే అలాగే ఉండిపోతుంది, ముక్కలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని కట్టు లేకుండానే నిలుస్తాయి. చూడటానికి అనకాపల్లి బెల్లం దిమ్మను నలుచదరం చేసినట్టు ఉంటుంది.

యంత్రం అంటే మందపాటి ఉక్కు పలకలతో చేసిన పెద్ద పెట్టె. క్రేను తుక్కును పెట్టెలో పడేస్తుంది. పైనున్న మూత బలంగా మూసుకుని, బయటకు పొడుచుకు వచ్చిన రేకులను అంచు దగ్గర కత్తిరిస్తుంది. తరువాత పక్క గోడ ఒకటి ముందుకు జరిగి తుక్కును ఒక మూలకు నెడుతుంది. చివరగా మూడో దిమ్మె నిలువునా నొక్కుతుంది. పక్కనున్న తలుపు తెరుచుకుని, తయారైన దిమ్మ బయటకు వస్తుంది. చిన్న యంత్రాల్లో మూడు వైపులా కాక ఒకటి రెండు వైపుల నుండే నొక్కుతారు. గట్టి ఇనుము దిమ్మ ఘనమీటరుకు 7,850 కిలోలు తూగుతుంది. రేకుల దిమ్మ లోపల ఇంకా ఖాళీలుంటాయి గనుక సుమారు 2,000 కిలోలు తూగితే మంచిదే అనుకోవాలి. రైలు పట్టా ముక్కలు, మందపాటి దూలాలు ఇందులో వేయరు, వాటికి కోసే యంత్రం వేరే ఉంది.

ఇంత బలం ఎక్కడ నుండి వస్తుంది? నూనె నుండి. మోటారు తిప్పే పంపు నూనెను గొట్టాల ద్వారా సిలిండరులోకి తోస్తుంది. మూసిన పాత్రలో ద్రవం మీద పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమంగా పాకుతుందని స్కూల్లో చదివిన పాస్కల్ సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది. ఈ సూత్రంతో నొక్కుడు యంత్రానికి 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా పేటెంటు తీసుకున్నాడు. ఒక లెక్క చూడండి. సిలిండరు అడ్డం కొలత 20 సెంటీమీటర్లు, నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 200 కిలోలు అనుకుంటే, ఆ ఒక్క సిలిండరు తోపు సుమారు 63 టన్నులు. బి.పి. చూసే అలవాటు కొద్దీ మేము ఇంకో లెక్క కూడా వేశాము. మన రక్తపోటు 120 అంటే చదరపు సెంటీమీటరుకు 0.16 కిలో మాత్రమే. ఆ గొట్టంలోని నూనె మన రక్తనాళాల్లోని ఒత్తిడికి సుమారు 1,200 రెట్లు ఎక్కువ ఒత్తిడిలో ఉంటుంది. ఈ అంకెతో ముందు పని ఉంది, గుర్తుంచుకోండి.

దిమ్మలు ఇండక్షన్ కొలిములకు, ఆర్క్ కొలిములకు వెళతాయి. మన విశాఖ ఉక్కు కర్మాగారం బైలదిల్లా గనుల నుండి వచ్చే ముడి ఖనిజంతోనే ఉక్కు చేస్తుంది. అయినా కన్వర్టరులో వేడి మితిమీరకుండా కొంత తుక్కు వేయడం అటువంటి కర్మాగారాల్లో మామూలే. తుక్కు నుండి ఒక టన్ను ఉక్కు చేస్తే సుమారు 1.4 టన్నుల ఖనిజం, 740 కిలోల బొగ్గు, 120 కిలోల సున్నపురాయి మిగులుతాయని ఉక్కు పరిశ్రమ లెక్క. అల్యూమినియంలో పొదుపు ఇంకా ఎక్కువ. రుషికొండ బీచ్‌లో తాగి పడేసే డ్రింకు డబ్బాలను చిన్న ప్రెస్సులో నొక్కి తీగతో కట్టి పంపుతారు. వాటిని కరిగిస్తే, ఖనిజం నుండి కొత్తగా తీయడానికి అయ్యే కరెంటులో 95 శాతం దాకా ఆదా అవుతుంది.

అసలు విషయం ఇప్పుడు చెబుతాము. దిమ్మ అయిపోయాక దాని లోపల ఏముందో ఎవరికీ కనబడదు. రాగి తీగ కలిసిపోతే ఉక్కు పాడవుతుంది, దాన్ని కొలిమిలో వేరు చేయడం సాధ్యం కాదు. అందుకే కొనేవారు కలగాపులగం దిమ్మకు ధర తగ్గిస్తారు. కాబట్టి మంచి దిమ్మ యంత్రంలో కాదు, అంతకు ముందు తుక్కును ఏరే చేతుల్లో తయారవుతుంది. ఆ ఏరుడు పని చాలాచోట్ల వట్టి చేతులతో, హవాయి చెప్పులతో జరుగుతోంది. తోలు చేతొడుగులు, గట్టి బూట్ల ఖరీదు ఒక్క ఆపరేషన్ ఖర్చు ముందు లెక్కలోది కాదని యజమానులకు మా మనవి. ఇంట్లో ఇన్సులిన్ తీసుకునేవారికి కూడా ఒక మాట. వాడిన సూదులను తుక్కు సంచిలో పడేయకండి. మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ సీసాలో వేసి ఆసుపత్రికి తెచ్చి ఇవ్వండి.

మూతబడిన వస్తువు ఏదైనా ప్రెస్సులో వేయరాదు. గ్యాస్ సిలిండరు, దోమల స్ప్రే డబ్బా, పెట్రోలు ట్యాంకు నొక్కుడుకు పేలతాయి. బ్యాటరీ పగిలితే యాసిడ్ చిమ్ముతుంది, సీసం దుమ్ము ఇంటిదాకా వచ్చి పిల్లల రక్తంలో చేరుతుంది. 2004 సెప్టెంబరులో ఘజియాబాద్ దగ్గర ఒక ఉక్కు కర్మాగారంలో, దిగుమతి చేసుకున్న తుక్కులో కలిసి వచ్చిన ఫిరంగి గుండ్లు పేలి పదిమంది చనిపోయారు. ఆ తరువాతే విదేశీ తుక్కు ఓడరేవులకు వచ్చే పద్ధతిని ప్రభుత్వం గట్టి చేసింది.

దీనికంటే మమ్మల్ని కలవరపెట్టింది 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో జరిగినది. ఢిల్లీ విశ్వవిద్యాలయం పాత సామానుతో పాటు అమ్మేసిన ఒక పరికరంలో కోబాల్ట్-60 ఉంది. తెలియక దాన్ని విప్పారు. ఒకరు మరణించారు, మరికొందరు రేడియేషన్‌తో తీవ్రంగా జబ్బుపడ్డారు. మామూలు ఎక్స్‌రే యంత్రం కరెంటు తీసేస్తే రేడియేషన్ ఇవ్వదు, భయం లేదు. కోబాల్ట్ అలా కాదు, స్విచ్చు లేకుండానే రాత్రింబవళ్లు పనిచేస్తూంటుంది. పైగా దిమ్మలో చుట్టూ ఇనుము ఉంటే పసిగట్టే మీటరుకు కూడా సరిగా అందకపోవచ్చు. పసుపు మీద మూడు రెక్కల గుర్తు ఉన్నది, లేదా చిన్నదైనా సీసంతో అసాధారణంగా బరువున్నది కనబడితే విప్పకండి, కోయకండి. మనుషులను దూరంగా పంపి పోలీసులకు చెప్పండి. ఆసుపత్రులు, కాలేజీలు కూడా అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేకుండా అటువంటి పరికరాన్ని తూకానికి అమ్మరాదు.

ఇక యంత్రం దగ్గర. మూత పడేటప్పుడు బయటకు వచ్చిన రేకును చేత్తో లోపలికి సర్దబోవడం, ఇరుక్కున్న ముక్కను తీయడానికి పెట్టెలోకి దిగడం ప్రాణాంతకం. దిగక తప్పనప్పుడు మెయిన్ స్విచ్చు ఆపి, దానికి తాళం వేసి, ఆ తాళంచెవి దిగే మనిషి జేబులోనే ఉండాలి. ఇంకొకరి చేతికి ఇవ్వరాదు, అన్నదమ్ముడైనా సరే. 18 ఏళ్లు నిండని పిల్లలకు అక్కడ పనే లేదు.

ఇందాకటి 1,200 రెట్ల అంకెకు ఇప్పుడు వద్దాం. రబ్బరు గొట్టానికి సూదిమొనంత చిల్లు పడితే నూనె కంటికి కనబడనంత సన్నగా చిమ్ముతుంది. లీకు ఎక్కడుందో చూద్దామని చెయ్యి పెడితే అది చర్మాన్ని చీల్చుకుని ఇంజెక్షన్‌లా లోపలికి పోతుంది. బయటికి చిన్న చుక్కలాంటి గాయమే. మొదట నొప్పి కూడా అంతగా ఉండదు. ఆయింట్‌మెంటు రాసి ఇంటికి పోతారు. రాత్రికల్లా వేలు ఉబ్బి, లోపల కండ కుళ్లడం మొదలై, చివరకు వేలో చెయ్యో తీసేయవలసి రావచ్చు. ఈ గాయాన్ని ఎంతమాత్రం అశ్రద్ధ చేయరాదు. నొప్పి లేకపోయినా సరే, వెంటనే చేతి శస్త్రచికిత్స చేసే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. “హైడ్రాలిక్ నూనె లోపలికి పోయింది” అని ఈ మాటల్లోనే చెప్పండి. ఏ నూనెయో ఆ డబ్బా మీది పేరు రాసుకు రండి. లీకు వెతకడానికి అట్టముక్క వాడాలి, చెయ్యి కాదు.

రేకు కోసుకుంటే ధారగా నీళ్లు పోసి సబ్బుతో కడగండి. పసుపు, కాఫీ పొడి, ఇంజన్ ఆయిల్ పెట్టకండి. ధనుర్వాతం సూది చివరిసారి వేసుకుని ఐదేళ్లు దాటితే, మురికి గాయానికి మళ్లీ వేయించుకోవాలి. 2019 నుండి ప్రభుత్వ టీకాల్లో టి.టి.కి బదులు టి.డి. ఇస్తున్నారు. అది ధనుర్వాతంతో పాటు కంఠసర్పి నుండి కూడా కాపాడుతుంది.

వేలు తెగిపోతే కంగారులో దాన్ని అక్కడే వదిలేసి రాకండి. ముందు గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి ఉంచి 108కి ఫోను చేయండి. తెగిన ముక్కను తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టండి. ఆ సంచిని ఐసు ముక్కలున్న మరో సంచిలో ఉంచండి. ముక్క ఐసుకు నేరుగా తగలరాదు, నీళ్లలో నానరాదు. తెగినది ఎన్ని గంటలకో ఒక చీటీ మీద రాసి సంచికి కట్టండి. థియేటర్‌లో డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే.