పొరుగింటి కథలు: చదువ నారంభించుట యెట్లు?

సాహిత్యమున మీకు దెలిసిన ముసల్మాను ఎవరని భద్రాద్రి సీమ గృహిణిని ఎవరైన నడిగినచో, తడుముకొనక చెప్పగల పేరు తానీషా యొక్కటియే. రామదాసును గోలకొండ చెఱలో నుంచిన ప్రభువుగా ఆయనను హరికథలలో వింటిమి, నాటకములలో జూచితిమి. మన వీధిలో రవికలు కుట్టువాడును, మన పిల్లలకు లెక్కలు చెప్పు పంతులమ్మయు, పరుపులకు దూది యేకి యిచ్చువారును మాత్రము మనము చదివిన గ్రంథములలో నెచ్చటను గానరారు. మా యూరి పేరు ఖానాపురం హవేలి. అందు పురము సంస్కృతము, హవేలి పారసీకమునుండి వచ్చిన మాట. ఊరి పేరున నొద్దికగా కూరుచున్నవి పుస్తకముల యలమారులో నేల కూడరాదు?

కథలు లేక కాదు, మన చేతికి రాక. తెలుగున వ్రాసిన ముసల్మాను కవులు పూర్వమును గలరు. పిఠాపురపు ఉమర్ ఆలీషా కవి (1885–1945) పద్యములు పండితులు మెచ్చునట్లు చెప్పినవాడే. మన ఖమ్మమున కౌముదిగారు అభ్యుదయ రచయితగా పేరు గాంచిరి. వారి కుమారుడు, చింతకాని గ్రామమున జన్మించిన అఫ్సర్ గారు, కవిత్వమును కథలను వ్రాసిరి. అయినను తమ యింటి వంటను, తమ తల్లి నమాజును, తమ చెల్లెలి పెండ్లిచిక్కును పలువురు కూడి తెలుగు కథలుగా జెప్ప మొదలిడినది 1990 తరువాతనే. 1992 డిసెంబరులో అయోధ్యలో బాబరీ మసీదు కూలిన పిదప, మేమెవరము, మా మాట యెవరు చెప్పుదురు అను ప్రశ్న వారిలో బలపడెను. 1998 లో 'జల్‌జలా' యను కవితా సంకలనమును, 2004 లో స్కైబాబాగారి సంపాదకత్వమున 'వతన్' అను కథాసంకలనమును వెలువడినవి.

ఒక మతమువారు తమ్ముగూర్చి వ్రాసికొన్న కథలనగానే మనలో గొందఱకు సంకోచము గలుగును. మతబోధ యుండునేమో, మనకేల యని. పాల్కురికి సోమనాథుని చదివినవారికి ఈ సంకోచము తగదు. బసవపురాణమున నున్నవారెవరు? చాకలివారు, కుమ్మరివారు, వేటకాండ్రు, ముగ్ధలైన స్త్రీలు. ఒక మతమువారి సామాన్యజనుల కథలను వారి నుడికారముననే ద్విపదలో జెప్పినందులకు ఆ మహాకవిని పండితులు చాలకాలము దూరముగనే యుంచిరి. మేము తండ్రిగారి యొద్ద భారత భాగవతములు ముగించి, పిదప చాలకాలమునకు గాని బసవపురాణము తెఱవలేదు. తెఱచిన నాడు శివభక్తి కంటె ముందు మాకు గోచరించినది పదుమూడవ శతాబ్దపు తెలుగిండ్ల లోపలి భాగము.

ఇట్టిదే మఱియొక దూరదేశపు ముచ్చట గలదు. అమెరికాలోని యూటా సీమలో మార్మనులను క్రైస్తవశాఖవారు గలరు. ఆ శాఖవారు నేడు హైదరాబాదునందును రాజమహేంద్రవరమునందును కూడ నున్నారు. 1888 లో ఆర్సన్ విట్నీ యను వారి పెద్ద, మనకును మన మిల్టనులు, మన షేక్‌స్పియరులు కలుగుదురని పలికి, స్వకీయ సాహిత్యమునకు బిలుపు నిచ్చెను. మొదట వచ్చినవి చాలవఱకు కథ వేషము వేసికొన్న ధర్మోపన్యాసములు. 1941 లో మోరీన్ విపుల్ అను స్త్రీ 'ది జయంట్ జాషువా' యను నవల వ్రాసి, బహుభార్యాత్వము చెల్లిన కాలమున మూడవ భార్యగా వచ్చిన చిన్నదాని కడుపుకోతను ఎడారి యెండలో నిలిపి చూపినది. బయటివారు చదివి మెచ్చిరి. ఆమె మతపెద్దలకు మాత్రము అది రుచింపలేదు. తన యింటి గుట్టు తానే చెప్పువారికి వెలుపలివారి వింతచూపును, లోపలివారి కోపమును రెండును దప్పవు. తెలుగు ముసల్మాను రచయితలదియు నీ యిఱుకుదారియే. తమవారి లోపము చెప్పినచో ఎదుటివారి చేతికి కఱ్ఱ యిచ్చితివందురు. చెప్పకున్న కథ బొంకగును.

ఇక నేది మొదట చదువవలయును? మా మతము స్పష్టము: మహమ్మద్ ఖదీర్‌బాబుగారి 'దర్గామిట్ట కథలు' (1999). దర్గామిట్ట నెల్లూరిలోని పేట. ఒక పిల్లవాడు నెల్లూరి యాసలో తన యమ్మనుగూర్చి, నాయనను గూర్చి, ఇరుగుపొరుగును గూర్చి, పండుగ బట్టలను గూర్చి చెప్పుచుండును. నవ్వుతో నారంభించి, నవ్వు చాలించిన తరువాత గాని ఆ యింటి లేమి మనకు దట్టదు. బీదతనమున కేడ్చుట సులభము. దానిని పిల్లవాని కంట జూపి నవ్వింపగలుగుట మిక్కిలి కష్టము. ఇంటిలో పిల్లలకు జదివి వినిపింపదగిన పుస్తకము.

గ్రంథభాష కలవాటుపడిన మాబోంట్లకు ఆ యాస మొదటి రెండు పుటలలో అడ్డు తగులును. కన్నులతో గాక నోటితో జదువుడు. పెద్దగా చదివినచో తడబాటు తానే తొలగును. ఆ వాక్యములు చెవికొఱకు వ్రాసినవి. ఉరుదూ మాటలును కొలదిగనే యున్నవి. దాదీ యనగా నాయనమ్మ, నానీ యనగా అమ్మమ్మ, ఆపా యనగా అక్క. ఫాతెహా యనగా చనిపోయినవారిని దలచి వంటకముల యెదుట ఖురాను ప్రథమాధ్యాయమును జదువుట. గ్యార్మీ యనునది బాగ్దాదు మహాత్ముడగు అబ్దుల్ ఖాదిర్ జీలానీగారి పేర చాంద్రమాసపు పదునొకండవ దినమున జరుపు పండుగ. పీర్ల పండుగను మనకు జెప్పనక్కఱలేదు. ఈ ప్రాంతమున పీరులకు మ్రొక్కని కులము లేదు. ఇంతకుమించి నిఘంటువుతో బని యుండదు. తెలియని మాట వచ్చినచో పొరుగింటి పెద్దమ్మ నడుగుడు. నిఘంటువుకంటె నామెకు బాగుగ దెలియును, ఆ నెపమున గొంత సంభాషణయు నడచును.

రెండవదిగా ఖదీర్‌బాబుగారిదే 'న్యూ బాంబే టైలర్స్' అను కథ. ఊరంతటికి బట్టలు కుట్టి గౌరవముగా బ్రదికిన దర్జీ మీదికి కుట్టి యమ్మెడి బట్టలు వచ్చి పడుట అందలి విషయము. ఇందు మతము వెనుకబడి వృత్తి ముందునకు వచ్చును. సాలెవాని యింటనైన, కంసాలి యింటనైన జరిగినదిదియే గదా!

పిదప బరువైన వానికి రావచ్చును. వేంపల్లె షరీఫ్‌గారి 'జుమ్మా' కథలకు 2012 లో కేంద్ర సాహిత్య అకాడమీ యువపురస్కారము వచ్చినది. ఆ పేరుగల కథయందు తల్లి, కుమారుడు శుక్రవారపు నమాజు మానుచున్నాడని వగచును, పోరును, బ్రతిమాలును. 2007 మే 18 వ తేది శుక్రవారమున హైదరాబాదులోని మక్కామసీదున బాంబు ప్రేలెను. ఆ తల్లియే ఇక మసీదునకు బోవలదని కొడుకును వేడుకొనును. కథ యింతియే. ఎవరు చేసిరి, ఏల చేసిరి యను చర్చ జోలికి పోక, తల్లి నోట రెండు మాటలు మాత్రమే యెదురెదురుగ నిలిపినాడు రచయిత. బిడ్డలను నగరములకు చదువులకు పంపిన ప్రతి తల్లియు ఈ కథను దన భాషలోనే వినును. మేము దీనిని మధ్యాహ్నపు వేళ నలుగురు స్త్రీల నడుమ జదివితిమి. ముగిసిన తరువాత ఒకామె లేచి, కారణము చెప్పకయే, తన కుమారునికి ఫోను చేసి వచ్చెను.

స్కైబాబాగారి 'వెజిటేరియన్స్ ఓన్లీ' వేఱు తీరుది. కిరాయి యింటికై నగరమున దిరుగు ముసల్మాను దంపతుల కథ. పేరు చెప్పువఱకు ఇల్లు ఖాళీగా నుండును. పేరు చెప్పగనే నిండును. ఈ పేరుతోనే ఆయన కథలు 2016 లో ఆంగ్లమున వచ్చినవి. సోదరీమణులారా, ఈ కథను మనమే తప్పక చదువవలయును. ఏలయన, ఇల్లు పురుషుని పేర నున్నను, కిరాయికి వచ్చినవారిని గుమ్మమున నిలిపి కులగోత్రము లడుగునది సామాన్యముగా గృహిణియే. మడి యాచారములు గల యింటిలో మాంసము వండరాదని చెప్పుట యొకటి. మాంసము పేరు పెట్టి మనిషిని ద్రిప్పి పంపుట యొకటి. రెండింటికిని నడుమ గల దూరము ఎంతయో ఈ కథ కొలిచి చూపును. మాకు గథ ముగింపు కంటె, ఆ యిల్లాలు తిరిగి తిరిగి యలసి తన పేరును దానే బరువుగా దలచుట యెక్కువ బాధించినది.

స్త్రీలే వ్రాసినవి కావలయునన్నచో షాజహానాగారిని జదువుడు. 'నఖాబ్' అను కవితాసంపుటిలో ఆమె బయటివారినే గాదు, తన యింటి పురుషులను గూడ నిలదీసినది. మతశాస్త్రము ప్రకారము పెండ్లిలో మెహరు చెల్లింపవలసినవాడు వరుడు. కాని మన కట్నపు తెవులు వారి యిండ్లకును బ్రాకినది. ఈ కథలలో మెహరు మాటగానే మిగిలి, కట్నము రొక్కమై కనబడును. ఈ దుఃఖమున మనకును వారికిని హద్దుగోడ లేదు.

నవల గోరువారికి సలీంగారి 'వెండిమేఘం' గలదు. ఆయనకు 2010 లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినది 'కాలుతున్న పూలతోట'కు. అది ఎయిడ్సు వ్యాధిని గూర్చినది గావున, ముసల్మాను కుటుంబజీవనము గోరువారు మొదటిదానినే తీసికొనవలయును. 'వతన్' చివరకు మేలు. అనేకుల గొంతులొక్కసారి చెవిని బడినచో క్రొత్తవారికి గజిబిజిగా నుండును. నలుగురిని ఎఱిగిన పిమ్మట జదివిన, ఎవరి కంఠమెవరిదో పోల్చుకొనవచ్చును.

ఒక్క కథ చదివి, ముసల్మానులందఱు నిట్లే యని తలపోయుట కూడదు. దూదేకులవారి యింట తెలుగే తల్లిభాష. సయ్యదుల యింట నుండదు. నెల్లూరి పిల్లవాని నవ్వు వేఱు, హైదరాబాదు పాతబస్తీ భయము వేఱు.

పుస్తకములు విజయవాడ, హైదరాబాదు పుస్తకప్రదర్శనలలో దొరకును. దొరకనివానికి గ్రంథాలయమున నడిగి పట్టుపట్టవలయును. మా 'దర్గామిట్ట కథలు' ప్రతి ప్రస్తుతము మా యింట లేదు. వెనుకింటి ఆపాగారు చదువ దీసికొని, తమ చెల్లెలికి ఖమ్మము పంపిరి. ఆమె పాఠశాలలో నెవరికో ఇచ్చినదట.