ఎంపికలో తేడాలను గుర్తించడం: ఒక ఉదాహరణ

మీకు నీట్ ర్యాంకుతో రెండు బి.డి.ఎస్. సీట్లు వచ్చే అవకాశం ఉందనుకోండి. రాష్ట్ర కోటాలో విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఒకటి. అఖిల భారత కోటాలో బెంగళూరు ప్రభుత్వ దంత వైద్య కళాశాల మరొకటి. ఏది ఎంచుకోవాలి?

ముందుగా రెండింటిలో సమానంగా ఉన్నవాటిని పక్కన పెట్టండి. ఎక్కడైనా 4 సంవత్సరాల చదువు, 1 సంవత్సరం ఇంటర్న్‌షిప్ ఉంటాయి. గుర్తింపు పొందిన కళాశాల పట్టాతో ఏ రాష్ట్ర దంత వైద్య మండలిలోనైనా నమోదు చేసుకోవచ్చు. కనుక పట్టా విలువ ఇక్కడ తేడా కాదు.

ఇక తేడాలను పరిశీలించండి. మొదటిది ఖర్చు. ఫీజుకు 5 సంవత్సరాల హాస్టలు, భోజనం, ప్రయాణం, పరికరాలు కలిపి లెక్కించాలి. రెండవది భాష. మూడవ సంవత్సరం నుంచి రోగులను చూడాలి. “చల్లనీళ్లు తాగితే పన్ను జివ్వుమంటుందా?” అని అడగడంతోనే రోగనిర్ధారణ మొదలవుతుంది. బెంగళూరులో చాలామందిని ఆ మాట కన్నడంలో అడగాలి. మూడవది చేతి అనుభవం. ఒక్కో విద్యార్థి స్వయంగా ఎన్ని పళ్లు తీస్తున్నాడో, ఎన్ని నింపుతున్నాడో సీనియర్లను అడగండి.

చివరగా, మీరు ఎవరి మధ్య ప్రాక్టీసు చేయదలచారో ఆలోచించండి. సొంత జిల్లాలోనే అయితే విజయవాడ వైపు మొగ్గు సహజం. ఇతర రాష్ట్రాలకూ వెళ్లదలచితే, కన్నడం నేర్చుకోవడానికి పడే శ్రమ వృథా కాదు.