కరెంటు పోయింది, లెక్క మిగిలింది

ఇల్లు కట్టుకునేవారికి బేతంచెర్ల పేరు చెప్పగానే నాపబండలు జ్ఞాపకం వస్తాయి. ఆ వూళ్లో ఒక బండల కొట్లో కూర్చుని వుండగా చటుక్కున కరెంటు పోయింది. పాలిషు యంత్రాల రొద ఆగింది. కంప్యూటరులో లారీ లెక్క వేస్తున్న గుమాస్తా ముఖం మాత్రం చెదరలేదు.

"ఏం గాదు సార్. ఆఖరు పద్దు ఒగటి పోయుంటాది. మళ్లీ కొడతా" అన్నాడు. అలాగే జరిగింది.

ఇందులో వింతేమిటంటారా? యంత్రం సగంలో ఆగితే బండకు నష్టం లేదు. కంప్యూటరు సంగతి అలా కాదు. ఒక్క కాగితం దాచాలన్నా దాని పేరు ఒకచోట, అది వున్న అరల జాబితా ఒకచోట, ఏ అరలు నిండాయన్నది మరొకచోట రాసుకోవాలి. రెండు రాసి మూడోది రాయకముందే కరెంటు పోతే, నిండిన అర ఖాళీగా కనిపిస్తుంది. దాని మీదనే ఇంకేదో రాసేస్తుంది! అందుకని పూర్వం ఇలా ఆగినప్పుడల్లా డిస్కంతా గాలించి సరిచూడవలసి వచ్చేది.

దీని విరుగుడు మన షావుకార్లకు ఏనాడో తెలుసు. ముందు చిట్టా, తరువాత ఆవర్జా. లినక్సులో ఈ చిట్టా పద్ధతిని స్టీఫెన్ ట్వీడీ తెచ్చిపెట్టాడు. ఈఎక్స్‌టీ-3 అనే పేరుతో అది 2001లో కెర్నెలులో చేరింది. సాధారణంగా చిట్టాలో సరుకంతా రాయదు సుమా, ఏది ఎక్కడ పెట్టినదీ మాత్రమే. కరెంటు వచ్చాక చిట్టాలో పూర్తిగా పడిన పద్దులను ఆవర్జాకెక్కించి, సగం పడినదాన్ని కొట్టివేస్తుంది. గుమాస్తా ధీమా అదీ.

కెర్నెలంటే గింజ. తెరమీది బొమ్మలన్నీ పైపొట్టు. ఈ గింజను 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన 21వ యేట నాటాడు. ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు. దిద్దినది తనిఖీకి నిలిస్తేనే లోపలికి. 2005లో ఒటావా లినక్సు సభలో ఈఎక్స్‌టీ-3 మీద ఆరుగురు కలిసి ఒక వ్యాసం సమర్పించారు. వారిలో థియొడోర్ త్సో, సుపర్ణా భట్టాచార్యలతో పాటు బదరీ పులవర్తి వున్నారు. ఆ ఇంటిపేరు మన చెవికి కొత్తది కాదు.

2008 చివర ఈఎక్స్‌టీ-4 వాడకానికి సిద్ధమైంది. ఇది వచ్చిన సరుకును వెంటనే అరల్లో సర్దదు, కాస్త ఆగి ఒక్కసారిగా సర్దుతుంది. పని వేగం పెరిగింది. కాని 2009లో కొందరి యంత్రాలు హఠాత్తుగా ఆగి లేచేసరికి కాగితాల పేర్లు మిగిలాయి, లోపల శూన్యం! భద్రంగా రాయమని అడగకపోవడం ఆయా ప్రోగ్రాముల లోపమేనన్నాడు త్సో. న్యాయంగా ఆయన మాటే నెగ్గుతుంది. కాని పోగొట్టుకున్నవాడికి న్యాయం ఎందుకు? అది ఆయనకూ తెలుసు. వాదిస్తూనే తన వైపునా దిద్దుబాటు చేశాడు.

2015లో ఈఎక్స్‌టీ-3 రాతను కెర్నెలు నుంచి తీసేశారు. పాత డిస్కులు మూలపడలేదు, వాటిని ఈఎక్స్‌టీ-4 చదువుతుంది.

"దీనికి ఎంత ఇచ్చారు?" అని షావుకారుని అడిగాను.

"కంప్యూటరుకిచ్చినాం. లోపలిదానికి ఎవురూ అడగలేదే!" అని ఆయన లారీ వైపు నడిచాడు.