"అమ్మా, ఈ ఉద్యోగం నచ్చట్లేదు"

ఇంజినీరింగ్ పూర్తయి, క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చి, బంధువులకు స్వీట్లు పంచిన ఆర్నెల్లకు చాలా ఇళ్లకు ఒక ఫోన్ వస్తుంది. "అమ్మా, ఈ ఉద్యోగం నచ్చట్లేదు." మన జవాబులు సాధారణంగా రెండే. "సర్దుకో, బయట ఉద్యోగాలు లేవు." లేదంటే, "మానేసి వచ్చెయ్, చూసుకుందాం." ఏ జవాబు చెప్పే ముందైనా అడగాల్సింది ఒకటుంది: ఏది నచ్చట్లేదు? పనా, పై అధికారా, పనివేళలా, ఊరా?

'కలలు కనండి' అన్న డా. ఏపీజే అబ్దుల్ కలాం గారి మాట మన పిల్లలందరికీ తెలుసు. ఆయన మొదటి కల నెరవేరలేదన్న సంగతి మాత్రం మనం తక్కువగా చెబుతాం. ఆయనకు వైమానిక దళంలో పైలట్ కావాలని కోరిక. డెహ్రాడూన్ ఎంపికల్లో 25 మందిలో 8 మందిని తీసుకున్నారు. ఆయనది 9వ స్థానం. దాంతో 1958లో రక్షణ శాఖ సాంకేతిక విభాగంలో సీనియర్ సైంటిఫిక్ అసిస్టెంట్‌గా చేరారు. మూల వేతనం నెలకు 250 రూపాయలు. విమానం నడపాలనుకున్న యువకుడు విమానాల డిజైన్ పనిలో కుదురుకోవాల్సి వచ్చింది.

తర్వాత బెంగళూరులో హోవర్‌క్రాఫ్ట్ తయారీ అప్పగించారు. గాలినే పరుపులా కింద పరుచుకుని, నేలకు కాస్త ఎత్తులో కదిలే వాహనం అది. బృందం చిన్నది, అలాంటిది చేసిన అనుభవం ఎవరికీ లేదు. అయినా తయారుచేశారు, 'నంది' అని పేరు పెట్టారు. రక్షణ మంత్రి కృష్ణమీనన్ అందులో ఎక్కి తిరిగారు కూడా. 1962లో మీనన్ పదవి నుంచి తప్పుకున్నారు. ఆ తర్వాత ప్రాజెక్టును పక్కన పెట్టేశారు.

ఇవాళ మన ఇంట్లో ఇలా జరిగితే "అన్నేళ్లూ వేస్ట్" అంటాం. కానీ మూలపడిన ఆ నందిని చూడటానికి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి ప్రొఫెసర్ ఎం.జి.కె. మీనన్ (ఈయన వేరే మీనన్) వచ్చారు. ఎక్కి తిరిగారు, ప్రశ్నలు అడిగారు. కొద్ది రోజులకే రాకెట్ ఇంజినీర్ ఉద్యోగానికి కలాం గారికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూ చేసినవారిలో విక్రమ్ సారాభాయ్ ఉన్నారు. అక్కడి నుంచి తుంబా, ఎస్‌ఎల్‌వి-3, ఆపైన 1982లో మన హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్ డైరెక్టర్ పదవి.

హోవర్‌క్రాఫ్ట్‌కూ రాకెట్‌కూ పెద్దగా పోలిక లేదు. కానీ ఇంతకుముందు ఎవరూ చేయని వస్తువును కొద్దిమందితో, దొరికిన సామానుతో మొదటి నుంచి కట్టుకురావడం రెండింటిలోనూ ఉంది. రెజ్యూమేలో కనిపించేది ఆగిపోయిన ప్రాజెక్టు. చేతికి వచ్చింది ఆ నేర్పు. నచ్చని ఉద్యోగంలో ఉన్న మీ అబ్బాయినో అమ్మాయినో "ఈ ఆరు నెలల్లో కొత్తగా ఏం చేయగలుగుతున్నావు?" అని అడిగితే ముందు "ఏమీ లేదు" అంటారు. కాసేపు ఆగండి. కోపంగా ఉన్న కస్టమర్‌తో మాట్లాడటమో, గడువులోగా పని ముగించడమో, తనకు రోజంతా ఒంటరిగా కూర్చునే పని పడదని తెలియడమో బయటికొస్తుంది.

ఓర్చుకోకూడని ఉద్యోగాలూ ఉన్నాయి. చేరడానికి డిపాజిట్ అడిగేవి, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునేవి, జీతం నెలల తరబడి ఆపేవి, అవమానించేవి. వాటిలో నేర్చుకోవడానికేమైనా ఉందా అని వెతకనక్కర్లేదు. బయటికి వచ్చేయమనే చెప్పండి, అలా వచ్చినందుకు ఇంట్లో మళ్లీ ఎత్తిపొడవకండి.

9, 10 తరగతుల పిల్లలకు ఈ ఫోన్ కాల్ ఇంకా చాలా దూరం. ఈలోగా ఒక ఆదివారం మీ మొదటి ఉద్యోగం గురించి వాళ్లకు చెప్పండి. నచ్చని భాగం దాచకుండా, ఎందుకు మానేశారో, లేదా ఎందుకు ఉండిపోయారో కూడా. జీతం ఎంతో తప్పక చెప్పండి, పిల్లలు మొదట అడిగేది అదే.